వదిన గోలు కాసిన ఏడాది

ఆ జట్టులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. గోల్స్ కొట్టే ఫార్వర్డ్ పిల్ల ఆమెకు స్వయానా ఆడబిడ్డ. ఆ పిల్ల "వదినా" అంటుంది గనక మిగతా పిల్లలూ వదినా అన్నారు. కొన్నాళ్ళకు కోచ్ మేడమ్ కూడా, వయసులో తల్లి అంతటిదై ఉండీ, "వదినేదీ? గ్లవ్స్ వేసుకోమనండి" అనడం మొదలుపెట్టింది. అలా ముప్పై నాలుగేళ్ళు వచ్చేసరికి ఆమె ఒక ఫుట్‌బాల్ జట్టు మొత్తానికి వదిన అయి కూర్చుంది.

కూర్చుంది అన్నమాట ఊరికే అనలేదు. వదిన రిజర్వ్ గోల్‌కీపర్. ఫార్వర్డ్ అలసిపోతే ఇంకొకరిని దింపుతారు. డిఫెండర్ కాలు బెణికితే ఇంకొకరిని దింపుతారు. గోల్‌కీపర్‌కు అలసట ఉండదు, పరుగు ఉండదు, ఆమెను మార్చాల్సిన అవసరం రాదు. పైగా ఆ జట్టు అసలు గోల్‌కీపరే కెప్టెన్ కూడా. ఆమెకు జ్వరం రాదు, జలుబు చెయ్యదు. తుమ్ము వచ్చినా ఆట లేని రోజు చూసుకుని తుమ్మేది. కాబట్టి పదేళ్ళుగా వదిన చేసిన పనల్లా గ్లవ్స్ తొడుక్కుని బెంచీ మీద కూర్చోవడం, ఆట అయ్యాక గ్లవ్స్ విప్పుకోవడం.

మరి ఎందుకు వెళ్ళేదీ అంటే, ప్రాక్టీసులో ఒక అరగంట కోసం. కెప్టెన్ నీళ్ళు తాగడానికి పక్కకు వెళ్ళినప్పుడు ఫార్వర్డ్‌లందరూ వరసగా నిలబడి బంతులు వదిన మీదికి కొట్టేవాళ్ళు. ఎడమకు దూకు, కుడికి దూకు, లేచి మళ్ళీ దూకు. ఆ అరగంటలో ఆమెకు ప్రపంచంలో ఇంకేదీ గుర్తుండేది కాదు.

మిగతా రోజంతా ఆమె బతుకు పిండిలో గడిచేది. ఊళ్ళో సగం ఇళ్ళకు బ్రెడ్డు వేసే బేకరీలో పని. తెల్లారేసరికి యంత్రం కలిపిన పిండిని పెద్ద బల్ల మీద దబ్బున కుమ్మరిస్తారు. దాన్ని ముక్కలు కోసి, రెండు అరచేతుల మధ్య గుండ్రంగా తిప్పి, ట్రేల్లో పేర్చి, పిండి పొంగే వెచ్చటి గదిలోకి తోయాలి. వదిన రెండు చేతులతో రెండు ముద్దలు ఒకేసారి తిప్పేది. మధ్యాహ్నానికి పని తెమిలేది. జుట్టులో పిండి దులుపుకుని, సంచి భుజాన వేసుకుని, గోదాముల వెనక ఉన్న గ్రౌండుకు నడిచేది.

ఇంట్లో భర్త, బస్సు డిపోలో మెకానిక్. మాట్లాడితే అరిగిపోతానన్నట్టు ఉండే మనిషి. ఆయన పొదుపు చేసిన మాటలన్నీ కలిపి ఆయన తల్లి వాడేసేది. ఆ అత్తగారు ప్రతి ఆటకూ గొడుగు, కూర్చోవడానికి చిన్న దిండు పట్టుకుని హాజరు. కూతురి కాలికి బంతి తగిలిందంటే చాలు, లేచి నిలబడి గొడుగు గాల్లో ఊపేది. కోడలి విషయానికి వస్తే మాత్రం పెదవి విరిచేది.

"నీకెందుకే ఈ తిప్పలు? పొద్దున్నే లేచి అక్కడ నిలబడతావు, సాయంత్రం ఇక్కడ కూర్చుంటావు. ఆటలో అరటిపండు వ్యవహారం!"

వదిన నవ్వి ఊరుకునేది. కాదనడానికి ఆమె దగ్గర సాక్ష్యం లేదు మరి.

ఇలా ఉండగా ఆ ఏడాది జాతీయ కప్పు వచ్చింది. అది నాకౌట్ పోటీ. దేశంలో ఆడవాళ్ళ జట్లు, పెద్దవీ చిన్నవీ, అన్నీ ఒకే గిన్నెలో చీటీలవుతాయి. ఎవరి చీటీకి ఎవరు తగిలితే వాళ్ళతో ఆడాలి. గెలిస్తే ఇంకో చీటీ. ఓడితే సంచి సర్దుకుని ఇంటిదారి. ఏటా వదిన జట్టు తొలి ఆటలోనో మలి ఆటలోనో సంచి సర్దుకునేది. ఈసారి మాత్రం ఏం కలిసొచ్చిందో, ఒకదాని తర్వాత ఒకటి గెలుస్తూ పోయింది. ఆడబిడ్డ కాలు పెడితే గోలు. అటు గోలు దగ్గర కెప్టెన్ కొండలా నిలబడింది. చూస్తూండగానే క్వార్టర్ ఫైనల్ వచ్చేసింది. చీటీకి తగిలింది కిందటేటి విజేతలు, రాజధాని జట్టు.

"పోన్లెండి, ఓడినా పరువైన చేతుల్లోనే ఓడతాం," అంది కోచ్ మేడమ్. ఆమె ధైర్యం చెప్పే పద్ధతి అలాగే ఉంటుంది.

కానీ ఆట మొదలైన కాసేపటికే ఆడబిడ్డ ఇద్దరి మధ్యనుంచి దూరి గోలు కొట్టేసింది. రాజధాని వాళ్ళకు ఒళ్ళు మండింది. రెండో సగంలో మూకుమ్మడిగా మీదపడ్డారు. పక్కనుంచి ఎత్తుగా వచ్చిన బంతి కోసం కెప్టెన్ ఎగిరింది, అందుకుంది, కింద పడింది. పడిన చేతి మీద ఎవరిదో బూటు పడింది. కెప్టెన్ లేచి తన వేలు కేసి చూసుకుంది. వేలు ఒక వైపు, చెయ్యి ఒక వైపు చూస్తున్నాయి.

"వదినా!" అని పిలిచింది కోచ్ మేడమ్.

వదిన వెనక్కి తిరిగి చూసింది, ఎవరినా అని.

"నిన్నే తల్లీ. లే!"

గోలు దాకా నడిచిన ఆ కాస్త దూరం ఆమెకు పక్క ఊరంత అనిపించింది. మొదటి బంతి నేలబారుగా, బుల్లెట్‌లా వచ్చింది. వదిన చేతులు కదిలేలోపే అది మోకాలికి కొట్టుకుని బయటికి పోయింది. ఆపింది ఆమె కాదు, ఆమె మోకాలు. అయితేనేం, ఆ దెబ్బతో నిద్రపోతున్న మనిషిని తట్టి లేపినట్టయింది.

"ఎడమవైపు ఖాళీగా వదిలేశారేంటే! వెనక్కి రండి! నువ్వే, ఆ రిబ్బను పిల్లా, వెనక్కి!"

డిఫెండర్లు ఉలిక్కిపడి తిరిగి చూశారు. వదినకు గొంతు ఉందని వాళ్ళకు అప్పుడే తెలియడం. పదేళ్ళుగా బెంచీ మీద కూర్చుని లోలోపల అరుచుకున్నదంతా ఇప్పుడు బయటికి అరుస్తోంది. దూకింది, గుద్దింది, బంతిని కడుపులో దాచుకుని ముడుచుకుంది.

మెట్ల మీద అత్తగారు కొడుకును మోచేత్తో పొడిచింది. "ఎవర్రా ఆ అమ్మాయి? భలే అరుస్తోంది!"

"నీ కోడలే," అన్నాడు ఆయన.

అత్తగారు కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. ఆ తర్వాత ఆట ముగిసేదాకా గొడుగు కూతురున్న వైపు ఊగలేదు. రిఫరీ విజిల్ వేసేసరికి ఒకటికి సున్నా. కిందటేటి విజేతలు సంచులు సర్దుకున్నారు.

సెమీఫైనల్ వానలో జరిగింది. నేలంతా బురద, బంతి సబ్బు ముక్కలా జారుతోంది. వదిన ఒక గోలు వదిలేసింది, కానీ వదలాల్సినవి ఇంకో నాలుగైదు పట్టేసింది. ఆడబిడ్డ ఒకటీ, రిబ్బను పిల్ల ఒకటీ కొట్టి గట్టెక్కించారు. మర్నాడు బేకరీకి వెళ్తే తోటివాళ్ళు పని ఆపి బల్ల మీద ట్రేలు దడదడ వాయించారు. ఫైనల్‌కు చేరిందంటే మాటలా!

ఫైనల్‌కు కొన్ని వారాల వ్యవధి ఉంది. ఆ వ్యవధిలోనే కెప్టెన్ వేలు అతుక్కుంది. ఒక సాయంత్రం ఆమె గ్లవ్స్ వేసుకుని గ్రౌండులో అడుగుపెట్టగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. వదినా కొట్టింది. కొట్టి, అలవాటు ప్రకారం వెళ్ళి బెంచీ మీద కూర్చుంది. ఆమెను ఎవరూ కూర్చోమనలేదు.

మర్నాడు బేకరీలో బన్నుల ట్రే ఓవెన్‌లో పెట్టి మరిచిపోయింది. మాడు వాసన వచ్చాక గాని గుర్తురాలేదు. ఆ బొగ్గుల్లో కాస్త మెరుగ్గా ఉన్నవాటిని ఇంటికి తెచ్చి బల్ల మీద పెడితే అత్తగారు ఒకటి తీసి అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇదేంటే, బొగ్గుల కొట్లో పనికి చేరావా?"

"మాడిపోయాయి అత్తయ్యా."

"అది కనిపిస్తూనే ఉంది. నీ మొహం కూడా అలాగే ఉంది. ఏమైంది?"

"ఏం లేదు."

"ఏం లేని మొహం నేనెరుగుదును. అది ఇలా ఉండదు. చెప్పు."

"కెప్టెన్ వేలు నయమైంది. ఫైనల్ తనే ఆడుతుంది."

"అని ఎవరన్నారు?"

"ఎవరనాలి? తనే కదా అసలు గోల్‌కీపరు."

"ఓహో! మరి మొన్న వానలో దొర్లింది నకిలీదా?" అత్తగారు మాడిన బన్ను బల్ల మీద పెట్టి కొడితే టక్కున చప్పుడైంది. "నువ్వు ఆడతానని అడిగావా?"

"నేనెలా అడుగుతాను?"

"నోటితో! అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ కోచ్ నీకు అమ్మ కూడా కాదు. రాజధాని వాళ్ళ మీద అంత నోరేసుకుని అరిచావు, ఇక్కడ పిల్లిలా కూర్చుంటావేం?"

కిటికీ పక్కన బూట్లు తుడుచుకుంటున్న భర్త తలెత్తకుండానే, "అమ్మ చెప్పింది నిజమే," అన్నాడు. ఆయన తల్లిని సమర్థించడం వదినకు కొత్త కాదు. కానీ ఈసారి అది తన తరఫున అవడం కొత్త.

ఆమె గ్రౌండుకు వెళ్ళేసరికి కోచ్ మేడమ్ వంగి గీతల వెంబడి సున్నం పోస్తోంది. వదిన దారి పొడుగునా మర్యాదగా రెండు వాక్యాలు కూర్చుకుని వచ్చింది. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఒక్కటే.

"మేడమ్, ఫైనల్ నేను ఆడతాను."

కోచ్ నడుము నిలబెట్టుకుంది. "ఆడొచ్చా అని అడుగుతున్నావా, ఆడతానని చెబుతున్నావా?"

"చెబుతున్నాను."

"ఇన్నేళ్ళలో నువ్వు నోరు తెరిచి నాతో ఏమీ చెప్పలేదు." కోచ్ సున్నం డబ్బా కింద పెట్టింది. "కెప్టెన్ ఆ దెబ్బతిన్న చెయ్యి వైపు దూకడానికి జంకుతోంది. నిన్నటినుంచీ చూస్తూనే ఉన్నాను. కానీ ఇన్నేళ్ళు గోలు కాపాడిన మనిషిని కూర్చోమనడానికి నాకు నోరు రావట్లేదు. సరే. నువ్వే ఆడు. ఆమెతో నేను మాట్లాడతాలే."

"ముందు నేను చెబుతాను మేడమ్. నా నోటితోనే వింటే బాగుంటుంది."

కెప్టెన్ తపాలా ఆఫీసులో పార్సిళ్ళు వేరు చేసే పనిలో ఉంది. వెనక గదిలో, ఏ ఊరివి ఆ ఊరి గోనె సంచిలోకి విసురుతోంది. వదిన విషయం చెప్పింది. కెప్టెన్ చేతిలో ఉన్న పార్సిల్‌ను సంచిలోకి కాక గోడకేసి విసిరింది.

"నేను బాగున్నన్నాళ్ళూ నువ్వు కూర్చున్నావు. నా వేలు విరిగింది కాబట్టి ఆడావు. అంతేగా?"

"అంతే. రెండూ నిజమే."

"మరి ఇప్పుడు నేను బాగున్నాను."

"బాగున్నావు. కానీ నేను ఇంకా బాగున్నాను." ఆ మాట తన నోట్లోంచి వచ్చినందుకు వదినకే ఆశ్చర్యమేసింది. అయినా వెనక్కి తీసుకోలేదు. "నీమీద నాకేం కోపం లేదు. నాకు ఆడాలని ఉంది. అంతే."

కెప్టెన్ వంగి పార్సిల్ తీసి, అడ్రసు చూసి, ఎక్కడికి పోవాలో ఆ సంచిలో వేసింది. "వెళ్ళు," అంది చివరికి. "నాకు పనుంది."

ఫైనల్ పెద్ద స్టేడియంలో, ఎండ కాస్త తగ్గాక మొదలైంది. అవతల ఓడరేవు జట్టు. ఒక్కొక్కరూ తాటిచెట్లలా ఉన్నారు. వదిన ఊళ్ళోవాళ్ళు బస్సులు కట్టుకుని వచ్చారు. బేకరీవాళ్ళు ఒక వరసంతా ఆక్రమించారు. బెంచీ మీద కెప్టెన్ కూర్చుంది. కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. లేచేది, కూర్చునేది, మళ్ళీ లేచేది. పొద్దుటినుంచీ వదినతో ఒక్క మాట మాట్లాడలేదు.

మొదటి సగంలోనే జరగకూడనిది జరిగింది. ఓడరేవు పిల్ల దూరం నుంచి కొట్టిన బంతి, చంటిపిల్ల కూడా పట్టే బంతి, వదిన ఛాతీకి తగిలి చేతుల సందులోంచి జారి గోల్లోకి దొర్లింది. స్టేడియంలో సగం మంది గుండెలు గుభేలుమన్నాయి. మిగతా సగం మంది ఎగిరి గంతేశారు. వదినకు భూమి చీలి లోపలికి పోతే బాగుండునని అనిపించింది. అసలు గోల్‌కీపర్‌ను కూర్చోబెట్టి మరీ దిగావు, చూడు ఏం చేశావో, అని తనలో తానే తిట్టుకుంది.

హాఫ్ టైమ్‌లో డ్రెస్సింగ్ రూమ్‌లో వదిన గ్లవ్స్ కేసి చూస్తూ కూర్చుంది. అప్పుడు కెప్టెన్ వచ్చి పక్కన కూలబడింది.

"వాళ్ళ పొడుగు పిల్ల ప్రతిసారీ నీ కుడివైపుకే వస్తోంది. రెండడుగులు అటు జరిగి నిలబడు."

వదిన తలూపింది.

"బెంచీ మీంచి ఇంత బాగా కనిపిస్తుందని నాకిన్నాళ్ళూ తెలీదు," అంది కెప్టెన్.

"నాకు తెలుసు," అంది వదిన.

కెప్టెన్‌కు నవ్వు వచ్చింది. ఆపుకుందామనుకుంది గాని ఆగలేదు. అది చూసి పిల్లలకు ప్రాణం లేచొచ్చింది. ఒకరు నవ్వితే ఇంకొకరు నవ్వారు, చివరికి కోచ్ మేడమ్ కూడా నవ్వి, "ఇంక ఏడుపు చాలు, పదండి," అంది. అంతవరకూ ఏడ్చింది ఎవరూ లేరు గాని ఎవరూ కాదనలేదు.

రెండో సగం మధ్యలో రిబ్బను పిల్ల కార్నర్ తీసింది. ఆడబిడ్డ అంత పొడుగువాళ్ళ మధ్యనుంచి ఎలా లేచిందో లేచి తలతో కొట్టింది. ఒకటికి ఒకటి. ఆ తర్వాత ఎవరూ కొట్టలేకపోయారు. ఎక్స్‌ట్రా టైమ్ ఇచ్చారు. కాళ్ళు పట్టేసి పిల్లలు ఎక్కడివాళ్ళక్కడ చతికిలబడుతున్నారు. ఇక పెనాల్టీలే గతి అని అందరూ అనుకుంటున్న వేళ, వదిన జట్టు డిఫెండర్ ఒకతె అలసటకొద్దీ పొడుగు పిల్ల కాలిని తన్నింది. రిఫరీ వేలు పెనాల్టీ చుక్క కేసి చూపింది.

అత్తగారు గొడుగు మూసి గుండెలకు హత్తుకుంది.

పొడుగు పిల్ల బంతి పెట్టింది. వెనక్కి నడిచింది. వదినకు అటు దూకాలా ఇటు దూకాలా అనే ఆలోచన రాలేదు. బేకరీ, బెంచీ, ఇందాకటి తప్పు, ఏదీ గుర్తులేదు. ప్రాక్టీసులో ఆ అరగంట ఎలా ఉండేదో అలాగే ఉంది. బంతి ఒక్కటే ఉంది. అది కదిలేదాకా ఆమె కదల్లేదు. బంతి కదిలింది. ఎడమకు, కిందికి. వదిన దూకింది. వేళ్ళ చివర తగిలి బంతి పైకి లేచింది. కింద పడుతూనే కళ్ళతో దాన్ని వెతికింది. పొడుగు పిల్ల పరుగున వస్తోంది. వదిన మోకాళ్ళ మీదే ముందుకు ఎగిరి బంతిని వాటేసుకుంది.

జనం కేకలతో స్టేడియం దద్దరిల్లింది. కానీ ఆట ఆగలేదు. పెనాల్టీ ఆపితే ఆట ఆగదు. ఓడరేవు వాళ్ళంతా గోలు చూద్దామని ముందుకొచ్చేశారు, వాళ్ళ వెనక మైదానం ఖాళీ. అందరూ కౌగలించుకోవడానికి వదిన వైపు వస్తుంటే ఒక్క మనిషి మాత్రం అటు తిరిగి పరిగెత్తుతోంది. ఆడబిడ్డ. పరిగెత్తుతూనే చెయ్యెత్తింది.

"తప్పుకోండే!" అని అరిచి వదిన బంతిని విసిరింది. పదేళ్ళ బలమంతా పెట్టి విసిరింది. అది మధ్య గీత దాటి, ఒకసారి నేలకు తగిలి, ఆడబిడ్డ కాళ్ళ ముందు పడింది. ఇంక ఆ పిల్లకూ గోలుకూ మధ్య ఉన్నది అవతలి గోల్‌కీపర్ ఒక్కతే. ఆడబిడ్డ ఆమెను అటు నమ్మించి, ఇటు జరిపి, బంతిని మెల్లగా లోపలికి తోసింది.

ఆ తర్వాత కాసేపటికి విజిల్ వేశారట. వదినకు వినబడలేదు. పిల్లలంతా ఆమె మీద పడి ఉన్నారు, కింద ఊపిరాడక ఆమె నవ్వుతోంది.

అత్తగారు మెట్లు దిగి కంచె దగ్గరికి వచ్చేసింది. అక్కడి కాపలా మనిషి అడ్డుపడ్డాడు. "లోపలికి వెళ్ళకూడదమ్మా. గోలు కొట్టినామె మీ అమ్మాయా?"

"ఆ, అదీ నా కూతురే. కానీ నాకు కావలసింది అది కాదయ్యా! ఆపింది చూడు, అది నా కోడలు. జరుగు!"

ఆయన జరిగాడు. అలాంటి గొడుగు ముందు ఎవరైనా జరుగుతారు.

కప్పు ఇచ్చేటప్పుడు ఆడబిడ్డ ఆ ఒక్క ఆటకూ తన చేతికి కట్టిన కెప్టెన్ పట్టీ విప్పి అసలు కెప్టెన్ చేతికి కట్టింది. కెప్టెన్ కప్పు అందుకుని తల మీదికి ఎత్తింది. వదిన అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది. కెప్టెన్ దాన్ని దించి, తిన్నగా వచ్చి వదిన చేతుల్లో పెట్టింది.

"పట్టుకో. నా వేలు నొప్పెడుతోంది," అంది, ఎటో చూస్తూ.

మర్నాడు మధ్యాహ్నం బస్సు ఊళ్ళోకి వచ్చింది. బేకరీ ముందు ఆపక తప్పలేదు, పనివాళ్ళంతా రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. పిండి చేతులు కడుక్కోకుండానే వదినను వాటేసుకున్నారు. ఆమె జెర్సీ వీపంతా తెల్లటి అరచేతి గుర్తులు.

"రేపు రావద్దులే, సెలవు తీసుకో," అన్నాడు బేకరీ మేస్త్రీ.

"రాకపోతే ఎలా? పెనాల్టీ ఎలా ఆపానో మీకు చెప్పొద్దూ?"

చెప్పింది. ఆ వారమంతా పిండిముద్దను బంతి చేసి, బల్లను గోలు చేసి, మళ్ళీ మళ్ళీ చెప్పింది. నోరు మెదపని వదిన ఇలా తయారైందేమిటని అందరూ ముక్కున వేలేసుకున్నారు.

కెప్టెన్ మరుసటి ఏడాది పక్క ఊరి జట్టుకు మారింది. కోపంతో కాదని కోచ్‌తో చెప్పింది. కాస్త కోపంతోనే అని వదినకు తెలుసు. వదిన బాధపడింది, అలాగని అడిగినందుకు పశ్చాత్తాపపడలేదు. ఆ ఏడాది కప్పు చీటీలు తీస్తే తొలి ఆటలోనే తగిలింది కెప్టెన్ కొత్త జట్టే. ఆటకు ముందు ఇద్దరూ మైదానం మధ్యలో ఎదురుపడ్డారు.

"బెంచీ మీద ఎవరిని కూర్చోబెట్టొచ్చావు?" అంది కెప్టెన్.

"నువ్వూ లేవు, నేనూ లేను. ఇంకెవరుంటేనేం?"

కెప్టెన్ చెయ్యి చాచింది. వదిన పట్టుకుంది. విజిల్ వేయగానే ఆమె ఒక గోలు వైపు, ఈమె ఒక గోలు వైపు పరిగెత్తారు. ఆట పొడుగునా ఇద్దరి అరుపులూ గోదాముల దాకా వినిపించాయి. ఒక్క గోలు తేడాతో వదిన జట్టే గెలిచింది. బయటికి వస్తూ కెప్టెన్ తన డిఫెండర్లను తిట్టిపోస్తోంటే, వదిన పక్కనే నడుస్తూ, ఆ ఎడమవైపు ఖాళీ ఎక్కడ వదిలారో వేలు పెట్టి చూపిస్తోంది.